సహజ ధర్మం: మన సంఘాల్లో తరచూ వినిపించే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఉపదేశులకూ, యువజనులకూ క్రైస్తవ నీతిశాస్త్రం చెప్పేవాళ్లం మేము. సహజ ధర్మం, అంటే మంచి చెడులను మనిషి తన బుద్ధితోనే గుర్తించగలడన్న సిద్ధాంతం, దగ్గరికి వచ్చేసరికి ఎక్కడైనా దాదాపు ఇవే సందేహాలు, ఇవే పొరపాట్లు. సిద్ధాంతం కష్టమై కాదు, మధ్యలో మెట్లు దాటేయడం వల్ల.

అపోహ: ప్రకృతిలో జరిగేది మంచి, జరగనిది పాపం.

అలాగైతే కళ్లజోడూ, డయాలసిసూ పాపమే కావాలి. ఈ సిద్ధాంతాన్ని క్రమబద్ధంగా రాసిన కతోలిక వేదాంతి థామస్ అక్వినాస్ (1225–1274) "సహజం" అన్నది మనిషి స్వభావానికి, అందులోనూ బుద్ధికి తగినదాన్ని. ప్రశ్నలూ జవాబులుగా సాగే ఆయన వేదాంత గ్రంథం సుమ్మాలో రెండో భాగం మొదటి సగంలో 94వ ప్రశ్న తీయండి. మొదటి సూత్రం ఒక్కటే: మంచిని చేయాలి, చెడును మానాలి. దాని కింద మనిషికి సహజంగా ఉండే మూడు మొగ్గులు: ప్రాణం నిలుపుకోవడం, పిల్లల్ని కని పెంచడం, దేవుని గురించిన సత్యం తెలుసుకుని తోటివారితో కలిసి బతకడం. ఈ మొగ్గులు వాటంతట అవే ఆజ్ఞలు కావు. బుద్ధి వాటిలోని మేలును గుర్తించి, క్రమంలో పెట్టినప్పుడే ధర్మమవుతాయి. పగ తీర్చుకోవాలన్న కోరిక ఎంత సహజంగా పుట్టినా అది పగకు సమర్థన కాదు.

అపోహ: ఇది కతోలికుల సిద్ధాంతం, బైబిలు ఉన్నవాళ్లకు అక్కర్లేదు.

రోమా పత్రిక 2:14-15 చదవండి. ధర్మశాస్త్రం లేని అన్యజనుల హృదయాల్లోనూ దాని సారం రాసి ఉందని పౌలు అంటున్నాడు. ప్రొటెస్టంట్ సంస్కర్త కాల్విన్ కూడా సహజ ధర్మాన్ని ఒప్పుకున్నాడు. 1934లో ప్రొటెస్టంట్ వేదాంతి కార్ల్ బార్త్ సహజ వేదాంతాన్ని (బుద్ధితోనే దేవుణ్ణి తెలుసుకోవచ్చన్న వాదాన్ని) గట్టిగా తోసిపుచ్చిన మాట నిజమే. అంటే ప్రొటెస్టంట్లలోనే దీనిమీద తర్జనభర్జన ఉంది, ఏకాభిప్రాయం లేదు.

అపోహ: సూత్రం తెలిస్తే ప్రతి సందర్భానికీ జవాబు సిద్ధం.

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. దాచమని ఇచ్చింది తిరిగి ఇచ్చేయాలి, ఇది సరైన నియమమే. కానీ సొంత దేశం మీద యుద్ధానికి వాడబోయేవాడు అడిగితే ఇవ్వకూడదని అక్వినాసే చెప్పాడు. మన ఊళ్లలో అయితే, కోపంతో ఊగిపోతూ వచ్చి తన వేటకొడవలి అడిగేవాడి సంగతీ అంతే. సూత్రం నుంచి వివరాల్లోకి దిగేకొద్దీ మినహాయింపులు పెరుగుతాయి.

చట్టాలన్నీ సహజ ధర్మం నుంచి నేరుగా వచ్చాయనుకోవడం ఇంకా తరచుగా జరిగే పొరపాటు. హత్య చేయకూడదన్న చట్టం సహజ ధర్మం నుంచి నేరుగా తేలుతుంది. కొన్ని చట్టాలు అలా తేలవు, పాలకులు ఒక హద్దు ఎంచి నిర్ణయిస్తారు. ఊరందరి తాగునీటిని కాపాడాలన్నది సహజ ధర్మం. ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్లలోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదన్నది 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం. ఆ 250 అంకెను ఏ స్వభావమూ చెప్పదు, అయినా పాటించాల్సిందే. ఈ తేడా తెలియకే చర్చిలో ఆడా మగా విడివిడిగా కూర్చోవడం, గుమ్మం దగ్గర చెప్పులు విడవడం కూడా దేవుడు స్వభావంలో రాసిన ధర్మమే అనేస్తుంటారు. అవి మంచి ఆచారాలు కావచ్చు, ధర్మం స్థాయివి కావు.

ఏ పనినైనా తూచేటప్పుడు మూడూ చూడాలి: చేసే పని ఏమిటి, ఉద్దేశం ఏమిటి, సందర్భం ఏమిటి. ఒక్కటి చెడినా పని చెడుతుంది. బీదలకు పంచాలని లంచం తీసుకోవడం ఇందుకే కుదరదు.

అపోహ: ఆత్మరక్షణ అంటే ముందుగానే దెబ్బ తీయొచ్చు.

ఫ్యాక్షన్ చూసిన సీమలో దీన్ని ఒకటికి పదిసార్లు చెప్పాలి. సుమ్మా రెండో భాగం రెండో సగం, 64వ ప్రశ్న: ప్రాణం కాపాడుకోవడానికి అవసరమైనంత బలం వాడటం తప్పు కాదు, అంతకు మించితే అక్రమం. మామూలు మనిషి ఎదుటివాడిని చంపాలన్న ఉద్దేశం పెట్టుకోకూడదు. దాడి ముగిసిన మర్నాడు కొట్టేది పగే, దానికి రక్షణ అన్న పేరు చెల్లదు. "మనం కొట్టకపోతే వాళ్లు కొడతారు" అన్న అనుమానమూ చాలదు.

అపోహ: ఆకలితో తీసుకున్నా దొంగతనమే.

అదే రెండో సగంలో 66వ ప్రశ్న దీన్ని సూటిగా తేలుస్తుంది. అవసరం కళ్లకు కనిపించేంత స్పష్టంగా, ఆగలేనంత అత్యవసరంగా ఉండి, వేరే దారి లేనప్పుడు ఇతరుల మిగులులోంచి తీసుకుంటే అది దొంగతనం కాదు. 1876–78 కరువులో జనం మలమల మాడి చచ్చిన నేల మీద ఉన్నాం కాబట్టి ఈ వాక్యాన్ని తేలిగ్గా దాటలేం. సీజను అప్పు తీర్చడానికి పక్కవాడి శెనక్కాయలు ఎత్తుకుపోతే మాత్రం ఇది వర్తించదు.

అపోహ: పాపమైనదంతా చట్టం నిషేధించాలి, చట్టమైనదంతా పాటించాలి.

రెండూ తప్పే. చట్టం అన్ని దుర్గుణాలనూ అణచబోదు. ఎక్కువమంది మానగలిగిన, ఇతరులకు హాని చేసే పెద్ద తప్పులను మాత్రమే నిషేధిస్తుంది (మొదటి సగం, 96వ ప్రశ్న). అన్యాయమైన చట్టం మనస్సాక్షిని కట్టిపడేయదు, అయితే పెద్ద అలజడి తప్పించడానికి ఒక్కోసారి ఓర్చుకోవాల్సి రావచ్చు. 1963లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ జైలు నుంచి నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ రాసిన లేఖలో అక్వినాస్ పేరు వచ్చింది ఇందుకే.

అపోహ: హృదయంలో రాసి ఉంటే అందరికీ ఒకేలా తెలియాలి.

మూలసూత్రం ఎవరి మనసులోంచీ చెరగదు, కానీ దాని నుంచి తేలే నియమాలు చెడు ఆచారాల వల్ల మసకబారతాయని 94వ ప్రశ్న చివర్లో ఉంది. దోపిడీని తప్పనుకోని పూర్వకాలపు జర్మనులను అక్వినాస్ ఉదాహరణగా చూపించాడు. మనం అంత దూరం వెళ్లనక్కర్లేదు. హోటల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి చూస్తూ పెరిగినవాడికి అందులో తప్పు తోచకపోవచ్చు. అలాంటివాడికి సిద్ధాంతం చెప్పబోకండి. ఆ గ్లాసు నీ బిడ్డకు ఇస్తే ఊరుకుంటావా అని అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి.