చెమట పట్టడం లేదని మోసపోకండి: ఎండాకాలం బండి ప్రయాణం

మూడేళ్ల కిందట మే నెలలో ఒక మధ్యాహ్నం నరసరావుపేట నుంచి రెంటచింతలకు బండి మీద బయల్దేరాను. పొట్టి చేతుల చొక్కా, బ్యాగులో అరలీటరు నీళ్ల సీసా. పిడుగురాళ్ల దాటేదాకా బాగానే ఉంది. వేడిగాలి మొహానికి కొడుతున్నా ఒంటి మీద చెమట చుక్క లేదు. దాహం కూడా వేయలేదు, సీసా మూత తీయలేదు. గురజాల దగ్గర చలివేంద్రం కనిపించి ఆగాను. స్టాండు వేసి దిగిన నిమిషంలోనే ఒళ్లంతా చెమట కారిపోయింది, కళ్లు తిరిగాయి. అక్కడున్న పెద్దావిడ చెయ్యి పట్టుకుని నీడలో కూర్చోబెట్టింది. "ఒక్కసారే గటగటా తాగమాకు నాయనా" అంటూ ఉప్పేసిన మజ్జిగ ఇచ్చింది.

కాస్త తేరుకున్నాక మోచేతులు తడుముకుంటే గరుగ్గా తగిలింది. ఉప్పు! చొక్కా వీపు మీదా తెల్లటి చారలు. అంటే దారి పొడుగునా చెమట పడుతూనే ఉంది. పట్టింది పట్టినట్టే ఆరిపోవడంతో నాకు తెలియలేదంతే.

ఆ చలివేంద్రంలో తడిగుడ్డ చుట్టిన కుండ ఏం చేస్తుందో మన ఒళ్లూ అదే చేస్తుంది. మట్టి కుండ సన్నటి రంధ్రాల్లోంచి నీరు పైకి చెమర్చి, ఆవిరయ్యేటప్పుడు కుండలోని వేడిని పట్టుకుపోతుంది. లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి దాదాపు 580 కిలో క్యాలరీల వేడి పోతుంది. 30 డిగ్రీల నీళ్లు ఎనిమిది లీటర్లు మరగబెట్టడానికి కావలసినంత వేడి అది! గాలి తగిలేచోట పెడితే కుండ త్వరగా చల్లబడుతుంది, నీళ్లూ అంతే త్వరగా తగ్గుతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే మనిషి గాలికి పెట్టిన కుండే.

ఇంకో చిక్కుంది. మన చర్మం వేడి దాదాపు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా చల్లగా ఉంటే ఒంట్లో వేడిని తీసుకుపోతుంది, వేడిగా ఉంటే ఎదురు మనకే ఇస్తుంది. అందుకే 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి మేలు చేయదని, ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. బండి మీద తగిలేది ఏ ఫ్యానూ ఇవ్వలేనంత గాలి. పైగా వాతావరణ శాఖ చెప్పే 45 డిగ్రీలు నీడలో పెట్టిన థర్మామీటరు లెక్క. మనం వెళ్లేది ఎండలో, కాలిన తారు మీద, కాళ్ల మధ్య ఇంజన్ వేడితో.

కాబట్టి ఎండాకాలం చేతులు గాలికి వదిలేయడం హాయి కాదు, నష్టం. వదులుగా ఉండే పొడుగు చేతుల నూలు చొక్కా వేసుకుంటే వేడిగాలి నేరుగా తగలదు, చెమట బట్టలో నిలిచి నెమ్మదిగా ఆరుతుంది. ఇప్పుడు నేను మెడకు తడి తువ్వాలు లేకుండా బయల్దేరను. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో కథ వేరు. అక్కడ ఉక్కకు చెమట త్వరగా ఆరదు, గాలి ఆడితేనే కాస్త ఉపశమనం. అక్కడ సిగ్నల్ దగ్గర నిలబడటమే కష్టం.

నీళ్ల విషయంలో దాహాన్ని నమ్మకండి, గడియారాన్ని నమ్మండి. అరగంటకోసారి నీడలో ఆగి కనీసం పావులీటరు తాగండి. చెమటతో ఉప్పూ పోతుంది కాబట్టి దూర ప్రయాణమైతే మజ్జిగ మంచిది. ఓఆర్ఎస్ ఇంకా మంచిది. అందులోని గ్లూకోజు పేగుల్లో ఉప్పులోని సోడియాన్ని తనతో లోపలికి తీసుకెళ్తుంది, సోడియం వెంట నీరు వెళ్తుంది. లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపితే ఇంట్లోనే తయారు. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. ఓఆర్ఎస్ పేరుతో తీపి డ్రింకులు అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకుండా ఆపింది. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం ఉప్పు ఎంతో డాక్టర్ని అడిగే తాగాలి.

ఇక బండి సంగతి. "ఎండకు టైరు పేలుద్ది, గాలి తక్కువ కొట్టించు" అని చాలామంది చెబుతారు. నిజానికి అదే ప్రమాదం. గాలి తగ్గిన టైరు తిరిగే ప్రతిసారీ పక్కలు వంగి లేస్తాయి. ఇనుప తీగను ఒకేచోట అటూ ఇటూ వంచితే వేడెక్కినట్టే, రబ్బరూ లోపలి నుంచి వేడెక్కి బలహీనపడుతుంది. పొద్దున 25 డిగ్రీల దగ్గర 25 పీఎస్ఐ ఉన్న టైరు, తిరిగి తిరిగి 55 డిగ్రీలకు వేడెక్కితే 29 చూపిస్తుంది. అది మామూలే, కంపెనీవాళ్లు లెక్కలో పెట్టుకునే చెబుతారు. బండి వేడి మీదున్నప్పుడు గాలి తీయించకండి. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పినంత పెట్టించండి.

ట్యాంకు నిండా కొట్టిస్తే ఎండకు పేలిపోతుందన్న మెసేజ్ ప్రతి వేసవిలోనూ తిరుగుతుంది. అది అబద్ధమని, కంపెనీ చెప్పిన హద్దు దాకా నింపుకోవచ్చని ఇండియన్ ఆయిలే చెప్పింది. నిప్పు తగలకుండా పెట్రోలు తనంతట తాను అంటుకోవాలంటే 250 డిగ్రీలు దాటాలి.

ఉక్కపోస్తుందని హెల్మెట్‌ను అద్దానికి తగిలించుకు తిరిగేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. హెల్మెట్ చావు ముప్పును 42 శాతం, తల గాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తుందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. లోపలుండేది థర్మాకోలే, నడినెత్తిన ఎండ వేడిని కూడా అది ఆపుతుంది. కింద పల్చటి నూలు గుడ్డ కట్టుకుంటే చెమట కళ్లలోకి కారదు.

ఆ రోజు చలివేంద్రం పెద్దావిడ నన్ను వరసగా ప్రశ్నలడిగింది. "ఏ ఊరయ్యా? ఎవరింటికి? ఎప్పుడు బయల్దేరావు?" ఊసుపోక అడుగుతోంది అనుకున్నాను. జవాబులు తడబడకుండా చెప్పాకే లేవనిచ్చింది. వడదెబ్బలో అసలు భయపడాల్సింది మాట తడబడటానికే. వెనక కూర్చున్నవాళ్లు బండి నడిపేవాళ్లను మాట్లాడిస్తూ ఉండాలి. పొంతన లేని జవాబు వస్తే వెంటనే ఆపించి, నీడకు చేర్చి, 108కి ఫోన్ చేయాలి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, ఆ తడి ఆరేలా విసరాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు.