గొళ్లెం కాలుతుంది, గోడ కాలదు

మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "మా బావకు కొత్త కిడ్నీ పెట్టింది పొత్తికడుపులో. డాక్టరు మాత్రం ప్రతిసారీ చేతులు, చెవులు, మెడ చూస్తున్నారు. ఎందుకు?"

కొత్త అవయవాన్ని శరీరం తరిమేయకుండా మందులతో రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతారు. కాపలా తగ్గగానే పులిపిర్లు, తామర, చర్మ క్యాన్సర్లు తలెత్తుతాయి. ఇది అందరూ చెప్పేదే. ఆ మందుల్లో నన్ను కట్టిపడేసింది అజాథయోప్రిన్ అనే పాత మందు. అది కాపలాను తగ్గించి ఊరుకోదు, డీఎన్ఏలోకే దూరుతుంది.

డీఎన్ఏ నాలుగు అక్షరాల్లో గ్వానిన్ ఒకటి. ఈ మందు ఒంట్లో మారి మారి 6-థయోగ్వానిన్ అవుతుంది. తేడా ఒక్క పరమాణువు: ఆక్సిజన్ ఉండాల్సిన చోట గంధకం. కణం పోల్చుకోలేక దాన్నే పేర్చుకుంటుంది. మామూలు డీఎన్ఏ 260 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని బాగా పీలుస్తుంది. 320–400 మధ్య ఉండే యూవీ-ఏను, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకాన్ని, దాదాపు పట్టించుకోదు. గంధకం అక్షరం పీల్చేది 340 దగ్గర!

మే నెల మధ్యాహ్నం పాలమూరులో మట్టి గోడ మీద చెయ్యి ఆనించండి, ఓర్చుకోవచ్చు. తలుపు గొళ్లెం పట్టుకోండి, చురుక్కుమంటుంది. ఎండ ఒకటే. థయోగ్వానిన్ ఆ గోడకు బిగించిన గొళ్లెం. అయితే గొళ్లెం ఇచ్చేది వేడి; ఇది తాను మింగిన శక్తిని దగ్గరున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. రెచ్చిపోయిన ఆక్సిజన్ చుట్టుపక్కల గ్వానిన్లకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు అన్నది అలంకారం కాదు, రెండూ ఆక్సీకరణమే.

అవయవ మార్పిడి జరిగిన తెల్లజాతి రోగుల్లో స్క్వేమస్ కణ క్యాన్సర్ అనే చర్మ క్యాన్సర్ ముప్పు మామూలు జనంతో పోలిస్తే 65 రెట్లకు పైనే. మనకు చర్మానికి రంగునిచ్చే మెలనిన్ గొడుగు ఉంది. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి పులిపిర్లు, ఫంగస్, అక్కి. అక్కి లేస్తే జాజు (ఎర్రమట్టి) పూయించే అలవాటు ఇంకా పోలేదు. మార్పిడి జరిగినవారు మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కి తెచ్చే వైరస్‌ను అణిచే మందు 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. మట్టి మీద నాకు కోపమేమీ లేదు. మార్పిడి రోగులకిచ్చే మరో మందు సైక్లోస్పోరిన్ దొరికింది నార్వే మట్టిలోని బూజులోనే. కాకపోతే దాన్ని శుద్ధి చేసి, కొలిచి ఇస్తారు.

ఇది చదివి బావగారు మాత్రలు మానేస్తే కిడ్నీకే ముప్పు. ఆయన చీటీలో ఏ మందు ఉందో డాక్టరునే అడగండి. నిండు చేతుల చొక్కా వేయించండి. నెల దాటినా మానని పుండు, పెరిగే పులిపిరి ఉంటే చూపించండి. కిటికీ అద్దం యూవీ-బీ అనే మరో రకం అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది గానీ యూవీ-ఏను చాలా వరకు వదిలేస్తుంది. పొద్దున హైదరాబాద్ చెకప్‌కు బస్సెక్కితే ఎండ కుడివైపు కొడుతుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడూ కుడివైపే. రెండుసార్లూ ఎడమవైపు సీటు పట్టండి.