ముద్ద ముట్టని రోజు

పెంపుడు జంతువుల డాక్టరు దగ్గర పొద్దస్తమానం వినపడే మాట ఒకటుంది: "నిన్నటి నుంచి ఏమీ తినట్లేదండీ." ఈ ఒక్క ముక్క వెనక పంటినొప్పి ఉండొచ్చు, జ్వరం ఉండొచ్చు, చెడిపోతున్న కిడ్నీలు ఉండొచ్చు, పేగులో ఇరుక్కున్న దారప్పోగు ఉండొచ్చు, ఇల్లు మారిన బెంగ కూడా ఉండొచ్చు. అందుకే అనుభవమున్న డాక్టరు వెంటనే మందు రాయడు, ఎదురు ప్రశ్న వేస్తాడు. "గిన్నె దగ్గరికి వచ్చి వెళ్ళిపోతోందా, అసలు గిన్నె వైపే రావట్లేదా?"

చాలామంది ఇక్కడ తడబడతారు. పెట్టింది అలాగే ఉండిపోయిందన్న సంగతి తెలుసు గాని, అది ఎలా ఉండిపోయిందో చూడలేదు. తినలేదనగానే కంగారుపడి ఇంకోటి పెట్టడం, అదీ ముట్టకపోతే మూడోది, చివరికి నోరు తెరిచి కుక్కడం. మనసు ఊరుకోదు, నిజమే. కానీ బతిమాలడం మొదలుపెట్టే ముందు ఓ పది నిమిషాలు దూరంగా కూర్చుని చూస్తే సగం రోగనిర్ణయం అక్కడే జరిగిపోతుంది.

పంటి బాధ ఉన్న పిల్లినే తీసుకోండి. ప్యాకెట్టు చప్పుడు వినగానే తోకెత్తుకుని వచ్చేస్తుంది. వాసన చూస్తుంది. ఒక గింజ నోట్లోకి తీసుకుని, తల ఓ పక్కకి వాల్చి, నొప్పిలేని వైపుకి నెట్టుకుని కొరుకుతుంది. ఉన్నట్టుండి ఆ గింజ జారవిడిచి బుస్సుమంటుంది. ముందుకాలితో మూతి రుద్దుకుంటూ వెనక్కి తగ్గుతుంది. కాసేపటికి మళ్ళీ వస్తుంది. దీనికి ఆకలి నిక్షేపంగా ఉంది, నోరే సహకరించట్లేదు. చిగురు అంచు దగ్గర పన్ను తనంతట తానే కరిగిపోయి లోపలి సున్నితమైన భాగం బయటపడే జబ్బు పిల్లుల్లో చాలా మామూలు. పైకి చిన్న ఎర్రమచ్చగా కనిపిస్తే కనిపిస్తుంది, లేదంటే ఎక్స్‌రే తీస్తే తప్ప తెలియదు. కుక్కల్లోనైతే అంగిలికి అడ్డంగా ఇరుక్కున్న ఎముక ముక్కో పుల్లో ఇదే నాటకం ఆడిస్తుంది. పిల్లి నాలుక కింద దారం చుట్టుకుని ఉంటే మాత్రం దాన్ని లాగకూడదు. రెండో కొస పేగుల్లో బిగుసుకుని ఉండొచ్చు. లాగితే పేగు గోడ తెగుతుంది.

రెండో రకం చూడటానికి దీనికి దగ్గరగానే ఉంటుంది. గిన్నె దాకా వస్తుంది, వాసన చూస్తుంది, ఆ వాసనకే పెదాలు నాక్కుంటుంది, గుటకలు మింగుతుంది, మొహం తిప్పేసుకుంటుంది. కొన్నిటికి చొంగ కారుతుంది. కొన్ని పిల్లులు గిన్నె చుట్టూ నేలని గీరి, తిండిని పాతిపెడుతున్నట్టు చేస్తాయి. ఇది వికారం. వాంతి అయితేనే కడుపులో తిప్పుతున్నట్టు అనుకుంటాం గాని, ఒక్కసారీ కక్కకుండా రోజుల తరబడి వికారంతో తిరిగే జంతువులు బోలెడు. ముసలి పిల్లుల్లో కిడ్నీ జబ్బు, కుక్కల్లో క్లోమం వాపు ఇలాగే బయటపడుతుంటాయి. వీటికి ఎంత మంచి మాంసం పెట్టినా లాభం లేదు. ముందు వికారం తగ్గాలి.

మూడోది, అసలు లేచి రాకపోవడం. మూల చూసుకుని ముడుచుకుని పడుకుంటుంది, పిలిస్తే కళ్ళు మాత్రం తెరుస్తుంది. ఇక్కడ అసలు సంగతి మెదడులో ఉంది. ఒంట్లోకి సూక్ష్మజీవులు చొరబడ్డప్పుడు రోగనిరోధక కణాలు సైటోకైన్లనే ప్రోటీన్లని వదులుతాయి. అవి పంపే కబురు మెదడు అడుగున ఉండే హైపోథలమస్‌కి చేరగానే ఒంటి వేడి పెరుగుతుంది, నిద్ర ముంచుకొస్తుంది, ఆకలి ఆగిపోతుంది. ఇది ఒంటి బలహీనత వల్ల జరిగే పని కాదనీ, శరీరం కావాలనే వేసే ఎత్తు అనీ 1988లో బెంజమిన్ హార్ట్ అనే అమెరికన్ పశువైద్య శాస్త్రవేత్త వాదించాడు. తిండి వెతుక్కుంటూ తిరిగే శ్రమ తగ్గించి, ఆ శక్తినంతా జ్వరం రగిలించడానికి మళ్ళించడమన్నమాట. అడవిలో ఓ రెండు రోజుల జబ్బుకి ఈ ఏర్పాటు బాగానే పనికొచ్చి ఉంటుంది. పదిరోజులు సాగే జబ్బుకి ఇదే ఎదురు తిరుగుతుంది.

ఆకలి పుట్టించే హార్మోను ఒకటుందని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. పేరు గ్రెలిన్. ఖాళీ కడుపు నుంచి ఊరి మెదడుకి "తిండి కావాలి" అని చెబుతుంది. దాన్ని అనుకరించే కాప్రోమోరెలిన్ అనే మందుకి 2016లో అమెరికాలో కుక్కల కోసం అనుమతి వచ్చింది. పిల్లుల్లో బరువు తగ్గుదలకి చెవి లోపలి చర్మానికి రాసే మిర్టజపిన్ లేపనం 2018లో వచ్చింది. ఇవి మంచి మందులే. పేగులో బంతి ముక్క అడ్డం పడ్డ కుక్కకి వేస్తే మాత్రం ప్రాణం మీదకి తెస్తాయి. కారణం తెలియకుండా ఆకలి మందు అడిగేవాళ్ళకి డాక్టరు వెంటనే తలూపకపోతే అందుకే.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: ఎన్నాళ్ళు ఆగొచ్చు? దీనికి ఒకే జవాబు ఉండదు. ఏ జంతువు అన్నదాన్ని బట్టి గంటలు, రోజులు, నెలలు మారిపోతాయి.

ఆరోగ్యంగా ఎదిగిన కుక్క ఒకరోజు పస్తుంటే, నీళ్ళు తాగుతూ హుషారుగా తిరుగుతుంటే, గాభరా అక్కర్లేదు. ఎండలు ముదిరినప్పుడు చాలా కుక్కలు తిండి తగ్గిస్తాయి కూడా. అదే చిన్నజాతి కుక్కపిల్ల అయితే లెక్క వేరు. దాని లివర్‌లో చక్కెర నిల్వ చాలా తక్కువ. కొద్ది గంటల పస్తుకే రక్తంలో గ్లూకోజు పడిపోయి, తూలి, ఫిట్స్ దాకా పోవచ్చు. టీకాలు పూర్తికాని పిల్ల తిండి మానేసి వాంతులు, నెత్తుటి విరేచనాలు చేసుకుంటుంటే పార్వో వైరస్‌ని అనుమానించాలి. అప్పుడు మర్నాటి దాకా ఆగడం ఉండదు.

పిల్లి గురించి కొంచెం ఎక్కువగా చెప్పుకోవాలి. ఎందుకంటే "ఆకలేస్తే అదే తింటుందిలే" అన్న మాట అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది పిల్లికే. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. దాని లివర్‌లో ప్రోటీన్‌ని విడగొట్టే ఎంజైములు ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. తిండి లేదు కదా అని పెద్దగా వేగం తగ్గించుకోలేవు. అందుకని పస్తున్న పిల్లి తన కండనే అరగదీసుకుంటుంది. ప్రోటీన్ అరిగినప్పుడు పుట్టే అమ్మోనియాని వదిలించుకోవడానికి దానికి ఆర్జినిన్ కావాలి, అది తిండి నుంచే రావాలి. ఆర్జినిన్ లేని ఒక్క పూట తిండితోనే పిల్లుల రక్తంలో అమ్మోనియా ప్రమాదకరంగా పెరిగిపోయిందని 1978లో ప్రయోగం చేసి చూపించారు.

ఇది ఒక పక్క. ఇంకోపక్క, పస్తులో శక్తి కోసం ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలో కలిసి లివర్‌కి చేరుతుంది. ఆ కొవ్వుని వాడుకోవడానికీ, మూటగట్టి బయటికి పంపడానికీ ప్రోటీన్ సరుకు కావాలి. అదే కొరతగా ఉంది. దించుకునే కూలీలు లేని గోదాముకి లారీల మీద లారీలు వచ్చినట్టు లివర్ కణాలు కొవ్వుతో ఉబ్బిపోతాయి. దీన్ని హెపాటిక్ లిపిడోసిస్ అంటారు, మామూలు మాటల్లో కొవ్వు లివర్. చెవి లోపలి చర్మం, చిగుళ్ళు పచ్చబడతాయి. లివర్ చెడేకొద్దీ వికారం, వికారంతో మరింత పస్తు. బొద్దుగా ఉన్న పిల్లికే ముప్పు ఎక్కువ, ఎందుకంటే కరగడానికి దాని దగ్గరే ఎక్కువ కొవ్వుంది. కాబట్టి లావు పిల్లిని చిక్కబరచాలని కడుపు మాడ్చడం, కొత్త రకం ఫుడ్ అలవాటు చేయాలని మొండికేసి కూర్చోవడం కూడదు. పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టరుకి ఫోన్ చేయాలి. రెండో రోజుకి తీసుకెళ్ళే ఉండాలి.

కుందేలుకైతే అంత వ్యవధి కూడా లేదు. గడ్డి అరగాలంటే దాని పేగు నిరంతరం కదులుతూ ఉండాలి. పెద్దపేగు మొదట్లో ఉండే తిత్తిలో కోట్ల సూక్ష్మజీవులు పీచుని పులియబెడుతుంటాయి. మేత ఆగితే కదలిక మందగిస్తుంది, గ్యాసు పడుతుంది, నొప్పి పుడుతుంది, నొప్పి వల్ల ఇంకా తినదు. కుందేలు కక్కలేదు కూడా. పన్నెండు గంటలుగా మేత ముట్టలేదంటే, పెంటికలు చిన్నవై ఎండిపోయి తగ్గాయంటే అది అత్యవసరమే. దవడ పళ్ళు పెరుగుతూనే ఉంటాయి గనక, మొనదేలి నాలుకకి గుచ్చుకుంటున్నాయేమో కూడా చూడాలి. గినీపిగ్‌కీ ఇవన్నీ వర్తిస్తాయి. పైగా అది మనలాగే సి విటమిన్‌ని సొంతంగా తయారుచేసుకోలేదు.

పంజరంలో పిట్టలు ఇంకో మాయ చేస్తాయి. జబ్బు కనపడితే వేటాడే జంతువు కన్నుపడుతుంది గనక, ఓపిక ఉన్నంతసేపు మామూలుగా ఉన్నట్టే కూర్చుంటాయి. గిన్నె నిండుగా కనిపిస్తుంది, ఊదితే అంతా ఊకే. లోపల గింజ లేదు. లేదా గింజని ఒలుస్తుంది గాని మింగదు. పిట్టని గ్రాముల్లో తూచే చిన్న త్రాసు మీద రోజూ పొద్దున్నే నిలబెట్టడం కన్నా మంచి పరీక్ష లేదు. ఈకలు పొంగించుకుని పంజరం అడుగున కూర్చుందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. వీటన్నిటికీ పూర్తిగా భిన్నం కొండచిలువ. ఆరోగ్యంగా ఉన్న బాల్ పైథాన్ నెలల తరబడి తినకపోయినా బరువు పెద్దగా తగ్గదు. దాని విషయంలో ముందు చూడాల్సింది గూటి ఉష్ణోగ్రత. చల్లగా ఉంటే దానికి అరుగుదలే నడవదు.

సరే, డాక్టరు చూశాడు, కారణం తెలిసింది, ఇంట్లో తినిపించాలి. ఏం చేయాలి? పిల్లి నాలుక మీద రుచి మొగ్గలు దాదాపు 470 మాత్రమే, మనకి వేలల్లో ఉంటాయి. తీపిని పసిగట్టే జన్యువు పిల్లి జాతిలో చెడిపోయి ఉందని 2005లో తేలింది. కాబట్టి దానికి తిండి అంటే ముందు వాసన. జలుబుతో ముక్కు మూసుకుపోయిన పిల్లి ఎదుట ఏం పెట్టినా అది దానికి తిండి కిందే లెక్కకు రాదు. తడిబట్టతో ముక్కు తుడిచి, బాత్రూంలో వేడినీళ్ళ ఆవిరి పట్టిస్తే ఒక్కోసారి అదే మందు. తడి ఆహారాన్ని గోరువెచ్చగా, ఒంటి వేడికి దగ్గరగా చేస్తే వాసన లేస్తుంది. వెడల్పు పళ్ళెంలో కొద్దికొద్దిగా పెట్టి, పావుగంటలో ముట్టకపోతే తీసేయాలి. గిన్నె ఎదుటే ఉంటే వికారం వాసనతో ముడిపడిపోతుంది.

ఆ ముడి ఎంత గట్టిదో 1955లో జాన్ గార్సియా అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఎలుకలతో చూపించింది. తియ్యటి నీళ్ళు తాగుతున్న వేళ రేడియేషన్ ఇచ్చి ఒంట్లో నలత పుట్టిస్తే, ఆ తర్వాత ఎలుకలు ఆ తీపిని ముట్టలేదు. తప్పు నీళ్ళది కాదు, అయినా శిక్ష నీళ్ళకే. ఇష్టమైన తిండిలో చేదు మాత్ర కలపడం, వికారంగా ఉన్నప్పుడు సిరంజితో నోట్లో కుక్కడం సరిగ్గా ఇదే పని చేస్తాయి. జబ్బు నయమయ్యాక కూడా ఆ ఆహారం వద్దంటుంది. పైగా గొంతులో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. కుందేళ్ళకి డాక్టరు చూపించిన పద్ధతిలో సిరంజితో పెట్టడం వేరే సంగతి, పేగులో అడ్డు లేదని తేలాక వాటికి అది అవసరం.

పిల్లికి మెడ పక్క నుంచి ఆహార గొట్టం వేద్దామని డాక్టరు అంటే చాలామంది హడలిపోతారు, ఆఖరి దశ అనుకుంటారు. నిజానికి కొవ్వు లివర్ నుంచి కోలుకున్న పిల్లుల్లో చాలావాటిని నిలబెట్టింది ఆ గొట్టమే. కొన్ని వారాలు ఇంట్లోనే దాంతో పెడతారు, పిల్లి తనంతట తాను తినడం మొదలుపెట్టాక తీసేస్తారు. పెట్టాల్సిన తిండికి లెక్క ఉంది: కిలోల్లో బరువుని 0.75 ఘాతానికి పెంచి, వచ్చినదాన్ని 70తో గుణించాలి. 4 కిలోల పిల్లికి రోజుకి 200 కిలోకేలరీలు, 10 కిలోల కుక్కకి 400 కొంచెం అటూ ఇటూగా. రోజుల తరబడి పస్తున్నదానికి మొదటిరోజే అంతా పెట్టకూడదు. ఒక్కసారిగా పిండిపదార్థం అందితే రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి ప్రాణాంతకం కావచ్చు. పావు వంతుతోనో మూడో వంతుతోనో మొదలుపెట్టి కొన్ని రోజుల్లో పెంచుతారు.

ఇంట్లో ఉన్న మందులతో మాత్రం వైద్యం వద్దు. పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు, దాన్ని విరగ్గొట్టే దారి పిల్లి లివర్‌లో సరిగా లేదు. ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుళ్ళు పుట్టిస్తుంది. రుచి కోసం పోసే మాంసం పులుసులో ఉల్లి, వెల్లుల్లి ఉంటే ఎర్ర రక్తకణాలు పగులుతాయి. ఇక ముక్కు పొడిగా ఉందా తడిగా ఉందా అని చూసి జ్వరం చెప్పే అలవాటు ఒకటుంది, అదీ నమ్మదగ్గది కాదు. కుక్కకీ పిల్లికీ మామూలు ఒంటి వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మన చేతికి అవి ఎప్పుడూ వెచ్చగానే తగులుతాయి. చిగురు చూడటం నయం. వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగుకి రావాలి.

చిగుళ్ళు పాలిపోయినా, పచ్చబడినా, కడుపు ఉబ్బి ఏమీ రాకుండా ఓకరిస్తున్నా, మగపిల్లి మూత్రం కోసం ముక్కుతూ చుక్క కూడా పోయకపోయినా గంటలు లెక్కపెట్టకుండా బయల్దేరాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క, ఎదకు వచ్చిన కొన్ని వారాలకి తిండి మానేసి నీళ్ళు మాత్రం విపరీతంగా తాగుతుంటే గర్భసంచిలో చీము పట్టిందేమో చూపించాలి. మిగతా సందర్భాల్లో వెళ్ళే ముందు నాలుగు సంగతులు రాసి పెట్టుకోండి: చివరిసారి కడుపునిండా తిన్నదెప్పుడు, చివరి విరేచనం ఎలా ఉంది, నీళ్ళు పెరిగాయా తగ్గాయా, బరువెంత. గిన్నె ముందు అది ఏం చేస్తోందో ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసుకెళ్ళండి. పరీక్ష బల్ల మీద బెదిరిపోయిన జంతువు ఇంట్లో చేసినట్టు చేయదు.