వేంపల్లె రాళ్ళలో నిప్పు జాడ

కడప జిల్లా గండి క్షేత్రం దగ్గర పాపఘ్ని ఏరు కొండను చీల్చుకుని వేంపల్లె వైపు పారుతుంది. ఆ చీలికలో కనిపించే గట్టి ఇసుకరాతి పొర పేరు గులచెరువు క్వార్ట్‌జైట్. దాని అడుగున అంతకంటే చాలా పాతదైన గ్రానైటు నేల ఉంది. ఇక్కడి పొరలు ఈశాన్యానికి మెల్లగా వాలి ఉన్నాయి. అందువల్ల ఏటి వెంట ఉత్తరానికి నడిచేకొద్దీ చిన్న వయసు రాళ్ళు ఎదురవుతాయి.

తర్వాతది వేంపల్లె డోలమైటు, అంటే మెగ్నీషియం కలిసిన సున్నపురాయి. లోతులేని సముద్రంలో పేరుకుంది. అడ్డంగా కోసిన ఎర్రగడ్డలా దానిలో వంపు గీతలు కనిపిస్తాయి. అవి స్ట్రోమటోలైట్లు, ఆనాటి సూక్ష్మజీవులు చాపల్లా పరుచుకుని బతికిన గుర్తులు. తుమ్మలపల్లె యురేనియం కూడా ఈ రాతిలోదే.

ఈ సముద్రపు రాళ్ళలోకి నిప్పు రెండు దారుల్లో వచ్చింది. ఆ రెంటినీ వేరుచేసి గుర్తుపట్టే పద్ధతి అంటే నాకు చాలా ఇష్టం.

డోలమైటు పైభాగంలో ఉన్న బసాల్టు బయట పారిన లావా. త్వరగా చల్లారింది కనుక దాని రేణువులు కంటికి ఆనవు. వాయువులు వదిలిన బుడగల్లో తర్వాత క్వార్ట్జ్, కాల్సైటు చేరి తెల్ల మచ్చలయ్యాయి. బసాల్టు లాంటి రాయే అయిన డోలరైటు పలకల సంగతి వేరు. ఆ కరిగిన రాయి బయటికి రాలేదు. పొరల మధ్య దూరి, అక్కడే నిదానంగా గట్టిపడింది. దాని రేణువులు పెద్దవి. పులివెందుల దగ్గరి ఒక పలకలో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి, వయసు సుమారు 188.5 కోట్ల ఏళ్ళని తేల్చారు.

అసలు ఆనవాలు మాత్రం అంచుల్లో ఉంటుంది. పారిన లావా తన కింది రాతినే కాలుస్తుంది, ఎందుకంటే అప్పటికి దాని పైన ఏ రాయీ లేదు. దూరిన పలక పైనా కిందా కాలుస్తుంది. అలాంటి పలక డోలమైటును తాకిన చోట వేడినీళ్ళు, సిలికా, డోలమైటులోని మెగ్నీషియం కలిసి సర్పెంటైన్ అనే ఆకుపచ్చని ఖనిజం పుట్టింది. దాని పగుళ్ళలో పట్టులా మెరిసే పోగులు పెరిగాయి. అదే రాతినార, ఆస్‌బెస్టాస్. పులివెందుల ప్రాంతపు గనుల్లో తవ్వింది దీన్నే. దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి, క్యాన్సర్ కూడా రావచ్చు. పాత గనుల దగ్గర పిల్లల్ని ఆడుకోనివ్వకండి.

డోలమైటు, బసాల్టుల పైన పులివెందుల క్వార్ట్‌జైట్, ఆ పైన అగ్నిపర్వతపు బూడిద కలిసిన తాడిపత్రి పలకరాళ్ళు ఉన్నాయి. తూర్పున మంగంపేట ముగ్గురాయి దొరికేది కూడా అలాంటి బూడిద పొరల నడుమే.