బొచ్చెలు చచ్చాయి, కొర్రమట్టలు బతికాయి

పరకాల వైపు ఒక ఊరి నుంచి మొన్న ఒక రైతు ఫోన్ చేశారు. మూడు రోజులు ముసురు పట్టిందట. నాలుగో రోజు తెల్లారేసరికి చెరువు నిండా బొచ్చె, రవ్వ చేపలు పొట్టలు పైకి పెట్టి తేలాయట. ఎవరో మందు కలిపారని కొందరు, గంగమ్మకు బోనం ఆలస్యమైందని కొందరు అంటున్నారట. “ఊరి మోరి నీళ్లన్నీ చెరువులకే పోతయి సార్, దానికీ దీనికీ ఏమన్న సంబంధముందా?” అని అడిగారు.

నేను తిరిగి ఒకటే అడిగాను: కొర్రమట్టలు కూడా చచ్చాయా?

“లేదు సార్, అవి మంచిగనే ఉన్నయి.”

విషమైతే కొర్రమట్టను కూడా వదిలేది కాదు. దానికి మొప్పల పైన గాలి పీల్చే అర ఒకటి ఉంటుంది. నీళ్లలో ఊపిరాడకపోతే పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి పోతుంది. బొచ్చెకు ఆ వసతి లేదు, నీళ్లలో కరిగిన ఆక్సిజనే దానికి దిక్కు. అంటే ఆ రాత్రి చెరువులో ఆక్సిజన్ అయిపోయింది.

మోరి నీళ్లలో నత్రజని, భాస్వరం పుష్కలం. అవి తిని నాచు పెరుగుతుంది, నీళ్లు పచ్చబడతాయి. ఈ నాచుది రోజు కూలి బతుకు. పొద్దున్నే ఎండ వస్తే పని మొదలు, సాయంత్రానికి చేతినిండా ఆక్సిజన్. 30 డిగ్రీల వేడిలో మామూలు నీళ్లు లీటరుకు దాదాపు 7.5 మిల్లీగ్రాములు పట్టుకుంటాయి. చిక్కటి పచ్చ నీళ్లలో మధ్యాహ్నం మూడింటికి అంతకు రెట్టింపు కూడా ఉంటుంది. రాత్రి కూలి లేదు, ఖర్చు మాత్రం ఆగదు. నాచు, బాక్టీరియా, చేపలు అన్నీ పగలు పోగైన ఆ ఆక్సిజన్ మూటలోంచే తింటాయి. గాలి నుంచి కరిగేది చేబదులు లాంటిది, వస్తుంది కానీ చాలదు. ముసురు పట్టిన మూడు రోజులూ కూలి సగం కూడా దొరకలేదు. నాలుగో తెల్లవారుజామున మూట ఖాళీ.

బడిలో మనం “మొక్కలు పగలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రి కార్బన్ డయాక్సైడ్ ఇస్తాయి” అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాం. పిల్లలు మొక్క రాత్రి మాత్రమే ఊపిరి తీస్తుందనుకుంటారు. మొక్క ఇరవై నాలుగు గంటలూ ఊపిరి తీస్తుంది. పగటి సంపాదన పెద్దది కనుక ఆ ఖర్చు కనబడదు, అంతే. ఇది నాకు చాలా బాధ కలిగించే పాఠం.

ఇక నన్ను ఏళ్లుగా పట్టుకుని వదలని సంగతి: చేపలను చంపిన ఈ పచ్చదనమే మోరి నీళ్లను శుద్ధి చేయగలదు. మురుగును తినేది బాక్టీరియా. దానికి ఆక్సిజన్ కావాలి. పట్నాల ప్లాంట్లలో రాత్రింబగళ్లు మోటార్లతో గాలి కొడతారు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయనవేత్తలు చూపిన దారి అది. కరెంటు బిల్లు కట్టలేని గ్రామ పంచాయతీ మోరి నీళ్లను ఒక కుంటలో నిలబెడితే ఆ పని నాచు చేసిపెడుతుంది. బాక్టీరియా వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను నాచు తీసుకుంటుంది, నాచు ఇచ్చిన ఆక్సిజన్‌ను బాక్టీరియా తీసుకుంటుంది. ఎండ బాగా ఉన్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ చాలక నాచు బైకార్బోనేట్‌ను విడగొడుతుంది. హైడ్రాక్సిల్ అయాన్లు మిగిలి పీహెచ్ 9 దాటుతుంది. ఆ క్షారానికి ఎండ తోడైతే మన పేగుల్లోంచి వచ్చిన బాక్టీరియా వేగంగా చస్తుంది. నులిపురుగుల గుడ్లు అడుక్కి దిగిపోతాయి.

2000 మంది ఉన్న ఊరిని తీసుకోండి. మిషన్ భగీరథ లెక్క మనిషికి రోజుకు 100 లీటర్లు. అందులో 80 లీటర్లు మోరిలోకి వస్తే మొత్తం 1,60,000 లీటర్లు. మరుగుదొడ్డి నీళ్లూ కలిస్తే, ఆ మురుగును అరిగించడానికి మనిషికి రోజుకు దాదాపు 45 గ్రాముల ఆక్సిజన్ కావాలి. ఊరికి 90 కిలోలు. మన చలికాలాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే దీనికి ఇంచుమించు 30 గుంటల (ముప్పావు ఎకరం) కుంట, ఒకటిన్నర మీటర్ల లోతు సరిపోతుంది. నీళ్లు అందులో నెల రోజుల దాకా నిలుస్తాయి. చేపలు వేయకూడదు. అక్కడ తెల్లవారుజామున మూట ఖాళీ అయినా చచ్చేవాళ్లుండరు.

కుంట మోరికీ చెరువుకూ మధ్యన ఉండాలి. కాకతీయుల నాటి గొలుసుకట్టులో ఒక చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది, పై ఊరి మురికీ దానితోనే దిగుతుంది. అంచుల్లో గడ్డి పెరిగితే దోమలు గుడ్లు పెడతాయి, అందుకే గట్టు వెంట రాళ్లు పరచాలి.

ఆ రైతుకు చివరగా చెప్పింది తూము గురించి. పగలు నాచంతా పైన అడుగున్నర మందంలో గుమిగూడుతుంది. కాబట్టి నీళ్లు బయటికి పోయే పైపు నోరు నీటి మట్టానికి రెండడుగుల కిందికి పెట్టాలి. పైనుంచి తీస్తే శుద్ధి చేసిన నీళ్లతోపాటు కూలివాళ్లందరూ చెరువులోకి వెళ్లిపోతారు.