కిర్రుమన్న తుంటి

1950ల్లో ఇంగ్లండులో ఒకాయన తుంటి నూనె లేని తలుపులా కిర్రుమనేది. అరిగిపోయిన తొడ ఎముక తలను తీసేసి, ఆయనకు ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్ బంతి పెట్టారు. భోజనాల బల్ల ముందు కాస్త వంగితే చాలు, చప్పుడు. భరించలేక భార్య ఆ గదిలో ఉండేది కాదట.

ఆ చప్పుడును జాన్ చార్న్‌లీ తేలిగ్గా తీసుకోలేదు. 1911లో లాంకషైర్‌లోని బరీలో పుట్టి, మాంచెస్టర్‌లో చదువుకున్న సర్జన్ ఆయన. చప్పుడు వస్తోందంటే రాపిడి ఉన్నట్టే. రాపిడి ఉంటే బంతి ఎముకలోంచి వదులై ఊడివస్తుంది. మన కీళ్ళలో ఎముకల చివర నున్నటి మృదులాస్థి ఉంటుంది. 'గుజ్జు అరిగిపోయింది' అని మనవాళ్ళు అనేది దీని గురించే. దాని మీద కీలు ఎంత సులువుగా జారుతుందో చార్న్‌లీ కొలిచి చూశారు. మన కీళ్ళలోని ద్రవం కృత్రిమ కీలుకు కందెనగా పనిచేయదని, ఆ జారుడు గుణం వాడే పదార్థంలోనే ఉండాలని తేల్చుకున్నారు.

అందుకే తుంటిలో బంతి తిరిగే గిన్నెలాంటి భాగానికి టెఫ్లాన్ అనే జారుడు ప్లాస్టిక్ ఎంచుకున్నారు. బంతిని స్టీలుతో, బాగా చిన్నగా చేయించారు. బండి ఇరుసు సన్నగా ఉంటే చక్రం తేలిగ్గా తిరుగుతుంది కదా, ఇదీ అంతే. బంతి చిన్నదైతే రాపిడి మెలితిప్పే బలం తగ్గుతుంది. ఎముకలో దాన్ని బిగించడానికి పళ్ళ డాక్టర్లు వాడే ఆక్రిలిక్‌నే సిమెంటుగా తెచ్చుకున్నారు. మంచానపడ్డవాళ్ళు లేచి నడిచారు.

ఆ సంతోషం రెండు మూడేళ్ళే. టెఫ్లాన్ అరిగి, బంతి గిన్నెలోకి తొలుచుకుపోయింది. రాలిన పొడికి చుట్టూ ఉన్న కండ వాచి, ఎముక దెబ్బతింది. అప్పటికే సుమారు 300 మందికి ఈ ఆపరేషన్ అయిపోయింది. వాళ్ళకు మళ్ళీ ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ఆయన ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించుకోగలం. అయినా తప్పు పేషెంట్ల ఒంటి మీదికి నెట్టలేదు. ఒంట్లో ఏమవుతుందో చూడటానికి టెఫ్లాన్ పొడిని తన తొడలోనే ఎక్కించుకున్నారు. నెలలు గడిచాక అక్కడ గడ్డలు చేతికి తగిలాయి. చార్న్‌లీ మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే.

1962లో ఒక సేల్స్‌మన్ బట్టల మిల్లు మగ్గాల పళ్ళచక్రాలకు వాడే గట్టి పాలిథిన్ తెచ్చాడు. చార్న్‌లీ దాన్ని గోటితో గీకి చూసి, పనికిరాదని వెళ్ళిపోయారు. ఆయన టెక్నీషియన్ హ్యారీ క్రేవెన్ మాత్రం దాన్ని అరుగుదల యంత్రానికి బిగించాడు. రాత్రీపగలూ మూడు వారాలు తిప్పినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగేంత కూడా అరగలేదు. ఈ విషయంలో చార్న్‌లీకి ఎంత పేరుందో క్రేవెన్‌కూ అంత ఉండాలని నా అభిప్రాయం.

ఆ ఏడాది నవంబరులో కొత్త గిన్నెతో ఆపరేషన్లు మొదలయ్యాయి. జరిగింది వైగన్ దగ్గర రైటింగ్టన్ ఆసుపత్రిలో. అది ఒకప్పటి క్షయ ఆసుపత్రి. ఈసారి చార్న్‌లీ తొందరపడలేదు. తన దగ్గరికి వచ్చి నేర్చుకున్న సర్జన్లకే ఈ కీలు ఇచ్చేవారు. చీము పట్టకుండా ఆపరేషన్ బల్ల చుట్టూ శుద్ధి చేసిన గాలి వీచే గది కట్టించారు.

బతికున్నవాళ్ళ కీలు లోపల ఎంత అరిగిందో చూడలేం. అందుకని చనిపోయాక ఆ కీలును తిరిగి ఇవ్వమని పేషెంట్లనే అడిగారు. చాలామంది సరేనన్నారు. అలా వచ్చిన గిన్నెలను, బంతులను రైటింగ్టన్‌లో ఒక్కొక్కటిగా తీసి అరుగుదల కొలిచేవారు.