బ్రేకర్ మిషన్: సైట్లో వినే మాటలు, అసలు సంగతులు

కాంక్రీటు, గోడలు పగలగొట్టే కరెంటు మిషన్‌ని సైట్లో ఎవరూ డెమాలిషన్ హ్యామర్ అనరు. కంపెనీ ఏదైనా సరే, కొందరికి అది 'హిల్టీ', మిగతావాళ్లకి 'బ్రేకర్'. నేను నాలుగేళ్లు మిషన్ పట్టాను, ఆ తర్వాత నుంచి పాత ఇళ్ల రిపేర్లు, పగలగొట్టే పనులు చేయిస్తున్నాను. కొత్త కుర్రాళ్లకి పాతవాళ్లు చెప్పే మాటల్లో సగం తప్పులే. నాకూ అవే నేర్పారు, అందుకే తెలుసు.

అపోహ: ఎంత గట్టిగా అదిమితే అంత తొందరగా పగులుతుంది

అన్నిటికీ మూలం ఇదే. మిషన్ లోపల మోటారు ఒక పిస్టన్‌ని ముందుకీ వెనక్కీ ఆడిస్తుంది. ఆ పిస్టన్ మిషన్ ముందుండే చిజిల్‌ని, అంటే ఉలిని, నేరుగా కొట్టదు. మధ్యలో గాలి బిగించి ఉంటుంది. ఆ గాలి నొక్కుకుని ఇంకో ఇనుప దిమ్మని తోస్తే, అది వెళ్లి చిజిల్ తల మీద పడుతుంది. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి నొక్కి చూడండి, హ్యాండిల్ ఎదురు తంతుంది కదా, అదే సూత్రం. మీరు నడుం వంచి వేసే బరువు ఈ దెబ్బలో కలవదు. చిజిల్ కాంక్రీటుకి ఆని, ఎగరకుండా ఉండేంత పట్టు చాలు. అంతకు మించి అదిమిన బలమంతా అదురుగా మారి మీ మోచేతుల్లోకే వస్తుంది.

పని తొందరగా అయ్యేది చోటుని బట్టి. శ్లాబు మధ్యలో చిజిల్ దింపి నిమిషం సేపు కొడితే బెజ్జం పడుతుంది, పెళ్ల ఊడదు. ఊడటానికి దానికి దారేది? అంచు నుంచి మూడు నాలుగు అంగుళాలు లోపల పెట్టి, కొంచెం అంచు వైపుకి వంచి కొట్టండి. పది సెకన్లలో పగుళ్లు రాకపోతే అక్కడే మొండిగా నిలబడకుండా, ఇంకాస్త అంచుకి జరగండి. మొదట పగలగొట్టడానికి మొన ఉన్న పాయింట్ చిజిల్ వాడండి; అంచులు సరిచేయడానికి, ఇటుక గోడకి పలక మూతి ఉన్న ఫ్లాట్ చిజిల్.

చిజిల్ ఇరుక్కుంటే మిషన్‌ని అటూ ఇటూ ఊపి పెకలించకండి. అది గడ్డపార కాదు. చిజిల్‌ని అక్కడే వదిలి మిషన్ ఊడదీసి, రెండో చిజిల్ వేసి పక్కన కొట్టండి. నా సంచిలో ఎప్పుడూ రెండు పాయింట్లు ఉండేది ఇందుకే. చిజిల్ మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. కొత్తది పెట్టాక ఒకసారి లాగి చూడాలి, లాక్ పడకపోతే మొదటి దెబ్బకే ఎగిరి వస్తుంది.

అపోహ: పెద్ద మిషన్ అయితే ఏ పనికైనా సరిపోతుంది

16 కిలోల మిషన్ ఉన్నది నేల పగలగొట్టడానికే. గోడకి, బాత్రూమ్ టైల్స్‌కి 5 కిలోలది చాలు. అపార్టుమెంట్లో పెద్దది పెడితే పక్క ఫ్లాటు వాళ్ల టైల్స్ కూడా ఊడతాయి, ఆ ఖర్చు మీ బిల్లులోంచే పోతుంది.

అపోహ: ఎక్కడ గుచ్చినా కరెంటే కదా

1750 వాట్ల మిషన్ 230 వోల్టుల మీద దాదాపు 7.6 ఆంపియర్లు లాగుతుంది. గదిలో ఫ్యాన్ స్విచ్ పక్కనుండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. గీజరుకి వాడే 16 ఆంపియర్ల పవర్ సాకెట్టే కావాలి. ప్లగ్గు విరిగిపోయిందని రెండు వైర్లు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు కుక్కే అలవాటు ఇంకా పోలేదు, చూసినప్పుడల్లా నాకు టెన్షనే.

ఎక్స్‌టెన్షన్ వైరు 2.5 చదరపు మి.మీ. రాగిది తీసుకోండి. 50 మీటర్ల దూరానికి 0.75 వైరు లాగితే దారిలోనే 20 వోల్టులు పోతాయి, మిషన్ నీరసంగా కొడుతుంది. ఇంకో సంగతి, వైరుని రీలు మీద చుట్టి ఉంచి వాడకండి. ఒకసారి సగం రీలు అలాగే వదిలేశాం. మధ్యాహ్నానికి కాలిన రబ్బరు వాసన. విప్పి చూస్తే లోపలి చుట్లు ఒకదానికొకటి అతుక్కుని జిగురుముద్దలా ఉన్నాయి. పైచుట్లు మాత్రం చల్లగానే ఉన్నాయి.

"దీనికి ఎర్త్ పిన్ను లేదు, డూప్లికేట్ మాల్" అనే మాట కూడా వింటుంటాను. మిషన్ మీద చదరంలో చదరం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ అని, అంటే కరెంటు ఒంటికి తగలకుండా రెండు పొరల రక్షణ ఉందని, ఎర్త్ అక్కర్లేదు. కానీ వైరు తెగినా, లోపలికి నీళ్లు పోయినా ఆ ఇన్సులేషన్ కాపాడదు. అందుకే బోర్డు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) తప్పనిసరి.

మోటారులోని కార్బన్లు (బ్రష్‌లు) అరిగితే రెండూ కలిపి మార్చండి. మిషన్‌లోకి దూరే చిజిల్ తోకకి పల్చగా గ్రీజు రాయండి. ఈ రెండింటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

అపోహ: గోడే కదా, ఎటునుంచి కొట్టినా ఒకటే

సన్‌షేడ్‌ని పట్టి ఉంచేది దాని మీదున్న గోడ బరువు. ఆ గోడ తీసేస్తే సన్‌షేడ్ బయటికి వాలిపోతుంది, కింద నిలబడ్డవాడి మీదకి. బాల్కనీ శ్లాబు అయితే బయటి కొస నుంచి లోపలికి పగలగొట్టుకుంటూ రావాలి, అదీ కింద సపోర్టులు పెట్టాక. పెళ్లల్ని శ్లాబు మీద గుట్ట పోయొద్దు. ఇళ్ల శ్లాబుని మామూలుగా చదరపు మీటరుకి 200 కిలోల వాడకం బరువుకి లెక్కేస్తారు, అడుగున్నర ఎత్తు గుట్ట దానికి రెండింతలు దాటుతుంది.

అపోహ: మూతికి తువ్వాలు, సాయంత్రం బెల్లం ముక్క ఉంటే దుమ్ము ఏమీ చేయదు

బెల్లం పొట్టలోకి పోతుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండూ ఎక్కడా కలవవు. కాంక్రీటు దుమ్ములో సిలికా ఉంటుంది. అది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. ఈ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్; అది వస్తే ఊపిరితిత్తులు మళ్లీ మామూలు కావు. కంటికి కనపడని రేణువుని తువ్వాలు ఆపలేదు. ఎన్95 మాస్కు ముఖానికి బిగుతుగా పెట్టుకోవాలి, గుబురు గడ్డం ఉంటే అది కూడా సరిగా పనిచేయదు. పగలగొట్టే చోట నీళ్లు చల్లండి, మిషన్ గాలి రంధ్రాల వైపు మాత్రం కాదు.

అపోహ: కొన్నాళ్లకి చెవులు అలవాటు పడతాయి

100 డెసిబెల్స్ మోతని రోజుకి 15 నిమిషాలకు మించి వినకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతోంది. నా ఎడమ చెవిలో పదేళ్లుగా కీచురాయి ఉంది. ఇయర్ ప్లగ్ జత టీ ఖర్చుకి వస్తుంది.

అపోహ: లావు గ్లౌజులు వేసుకుంటే అదురు తెలియదు

బ్రేకర్ అదురు నిదానమైనది, నిమిషానికి వెయ్యి పైచిలుకు దెబ్బలు. అలాంటి అదురుని గ్లౌజులు పెద్దగా ఆపలేవు. గ్లౌజులు వేసుకోండి, గీరుకుపోకుండా ఉంటుంది, అంతే. అదురుకి మందు గడియారమే. మిషన్ అదురు కొలత 10 m/s² (సెకనుకి సెకనుకి 10 మీటర్లు) ఉందనుకుంటే, ఐరోపా నిబంధనల లెక్కన రోజుకి అరగంటకే జాగ్రత్తలు మొదలుపెట్టాల్సిన గీత, రెండు గంటలకి దాటకూడని గరిష్ఠ పరిమితి. లెక్కపెట్టేది ట్రిగ్గర్ నొక్కి ఉన్న సమయమే. నేను పావుగంటకోసారి మనిషిని మారుస్తాను, ఒక్కొక్కరి మొత్తం రాసి పెడతాను.

మొన్న డిసెంబరులో పొద్దున్నే బండి మీద వచ్చిన కుర్రాడు చెయ్యి చూపించాడు. రెండు వేళ్లు చివర్ల దాకా సుద్దముక్కల్లా తెల్లబడ్డాయి, గిల్లినా తెలియట్లేదన్నాడు. వేరే సైట్లో రెండేళ్లు ఒక్కడే రోజంతా మిషన్ పట్టాడట. ఆసుపత్రికి పంపాను, తిరిగొచ్చాక సెంట్రింగ్ పనిలో పెట్టాను. మిషన్ కూలీ కంటే రోజుకి రెండొందలు తక్కువని వాడికింకా నా మీద కోపంగానే ఉంది.